అరగంటకోసారి లేవండి: కంప్యూటర్ ముందు మెడనూ నడుమునూ కాపాడుకునే పాఠం



మొన్నటి పేరెంట్ టీచర్ మీటింగులో జరిగిన ఒక చిన్న విషయంతో ఈ నెల ఆరోగ్య పాఠం మొదలుపెడదాం. తొమ్మిదో తరగతి చదివే బాబుతో కలిసి వచ్చిన ఒక తండ్రిగారిని కూర్చోమంటే, "వద్దు మేడమ్, నడుము పట్టేసింది, నిలబడే మాట్లాడతాను" అన్నారు. ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. రాత్రి పది దాటాక అమెరికా క్లయింటుతో కాల్స్. మార్కుల సంగతి అయ్యాక ఆయన అన్నారు: "వీడు చదవడానికి కూర్చుంటే చాలు, మెడ నొప్పంటాడు. తప్పించుకోవడానికి అదో సాకు. నిటారుగా కూర్చోమని మీరైనా చెప్పండి."

బాబు తల దించుకునే జవాబిచ్చాడు: "డాడీ కూడా అలాగే కూర్చుంటారు మేడమ్."

ముగ్గురం నవ్వేశాం. కానీ వాళ్లు వెళ్లాక ఆలోచిస్తే, అది నవ్వి ఊరుకునే మాట కాదనిపించింది. ఒకే ఇల్లు, ఒకే డైనింగ్ టేబుల్. దాని ముందు కూర్చుని తండ్రికి నడుము పట్టేసింది, కొడుక్కి మెడ లాగుతోంది. తండ్రి నొప్పికి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుంటాం. కొడుకు నొప్పిని సాకు అంటాం.

అందుకే ఈ పాఠం మీకూ, మీ పిల్లలకూ కలిపి రాస్తున్నాం. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన ముఖ్యమైన మాట ఒక్కటే: ఎంత చక్కగా కూర్చున్నా, గంటల తరబడి కదలకుండా కూర్చుంటే నొప్పి వస్తుంది. కాబట్టి సరిగ్గా కూర్చోవడం ఎంత అవసరమో, మధ్యమధ్యలో లేవడం అంతకన్నా అవసరం. ఎందుకో చూద్దాం.

ముందు వెన్నెముక గురించి కాస్త

మన మెడలో ఏడు వెన్నుపూసలుంటాయి. (అంత పొడుగు మెడ ఉన్న జిరాఫీకీ ఏడే అని మీ పిల్లలకు చెప్పండి, నమ్మరు!) వీపు భాగంలో పన్నెండు, నడుములో ఐదు. ఈ పూసల మధ్య మెత్తటి దిండ్లలాంటి డిస్కులు 23 ఉంటాయి. పెద్దవాళ్లలో ఈ డిస్కులకు సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు. చుట్టుపక్కల నుంచి నెమ్మదిగా ఇంకే ద్రవంతోనే వాటికి పోషణ అందుతుంది. స్పాంజిని ఊహించుకోండి. నొక్కితే నీరు బయటికి పోతుంది, వదిలితే లోపలికి పీల్చుకుంటుంది. డిస్కు కూడా ఇంచుమించు అంతే. పగలంతా శరీర బరువుకు కొంత నీరు కోల్పోతుంది, రాత్రి పడుకున్నప్పుడు తిరిగి పుంజుకుంటుంది. అందుకే ఉదయం లేవగానే మన ఎత్తు రాత్రి కన్నా సుమారు ఒక సెంటీమీటరు ఎక్కువగా ఉంటుంది.

ఇది ఇంట్లోనే చేసి చూడొచ్చు. ఉదయం మంచం దిగగానే మీ పాపను గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద పుస్తకం అడ్డంగా ఉంచి, పెన్సిలుతో గీత గీయండి. రాత్రి పడుకునే ముందు మళ్లీ గీయండి. రెండు గీతల మధ్య తేడా చూశాక వెన్నెముక గురించి మీరు వేరే పాఠం చెప్పక్కర్లేదు.

కండరాల సంగతి ఇంకో చిన్న ప్రయోగంతో తెలుస్తుంది. లీటరు నీళ్ల బాటిల్‌ను గుండెకు ఆనించి రెండు నిమిషాలు పట్టుకోండి. ఏమీ అనిపించదు. అదే బాటిల్‌ను చేయి ముందుకు చాపి పట్టుకోండి. నిమిషం తిరక్కముందే భుజం మండుతుంది. బాటిల్ బరువు పెరగలేదు, దూరం పెరిగింది. పైగా చేయి కదలకుండా ఉంది. బిగుసుకున్న కండరంలో రక్తం సరిగ్గా ఆడదు, అది త్వరగా అలిసిపోతుంది. స్క్రీన్ వైపు తల ముందుకు చాపి కూర్చున్నప్పుడు మెడ వెనక కండరాలకు జరిగేది సరిగ్గా ఇదే. అక్కడ నీళ్ల బాటిల్ స్థానంలో ఉన్నది మన తల!

తల బరువు ఎంత?

పెద్దవాళ్ల తల దాదాపు ఐదు కిలోలుంటుంది. తల భుజాల మీద సమంగా నిలిచి ఉంటే మెడకు ఆ బరువు పెద్ద లెక్క కాదు. న్యూయార్క్‌కు చెందిన వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో కంప్యూటర్ నమూనాతో ఒక లెక్క కట్టారు. తల 15 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం సుమారు 12 కిలోలు, 30 డిగ్రీలకు 18, 45 డిగ్రీలకు 22, 60 డిగ్రీలు వంచితే 27 కిలోలు. మనుషుల మీద నేరుగా కొలిచిన అంకెలు కావివి, నమూనా మీద వేసిన అంచనాలు. అయినా ఒళ్లో ఫోన్ పెట్టుకుని తల వాల్చినప్పుడు మెడ ఎందుకు లాగుతుందో ఇవి చక్కగా చెబుతాయి.

"నిటారుగా కూర్చో" అంటే చాలా?

1999లో జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక వాలంటీరు నడుము డిస్కులో చిన్న సెన్సర్ అమర్చి, అతను రోజువారీ పనులు చేస్తుండగా లోపలి ఒత్తిడి కొలిచారు. నిలబడినప్పుడూ మామూలుగా కూర్చున్నప్పుడూ ఒత్తిడి ఇంచుమించు సమానంగానే ఉంది. కూర్చుని బాగా ముందుకు వంగినప్పుడు మాత్రం చాలా పెరిగింది. కుర్చీలో వెనక్కి వాలినప్పుడు తగ్గింది.

దీన్ని బట్టి రెండు విషయాలు అర్థమవుతాయి. కూర్చోవడమే ప్రమాదమని భయపడక్కర్లేదు. అలాగని కర్రలా బిగుసుకుని కూర్చోవాల్సిన పనీ లేదు. బిగుసుకుని కూర్చుంటే పావుగంటలో కండరాలు అలిసిపోతాయి, ఆ తర్వాత మనకు తెలియకుండానే మళ్లీ వంగిపోతాం. "నిటారుగా కూర్చో" అని పిల్లల్ని పదిసార్లు గదమాయించడం కన్నా, "లేచి వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చిపెట్టు నాన్నా" అంటే వాళ్ల వెన్నుకు ఎక్కువ మేలు.

టేబుల్ దగ్గర సర్దుకోవాల్సినవి

ఖరీదైన కుర్చీ కొనే ముందు, ఇంట్లో ఉన్నవాటితోనే ఇవి సరిచూసుకోండి.

స్క్రీన్: పై అంచు మీ కంటి ఎత్తులో, లేదా కాస్త కిందికి ఉండాలి. దూరం చేయి చాపినంత. చదవడానికీ కంప్యూటర్‌కూ కలిపి బైఫోకల్ కళ్లద్దాలు వాడేవారు స్క్రీన్‌ను ఇంకొంచెం కిందికి దించుకోవాలి. లేకపోతే కింది అద్దంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తి ఎత్తి మెడ పట్టేస్తుంది.

లాప్‌టాప్: దీనితో చిక్కేమిటంటే స్క్రీనూ కీబోర్డూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. స్క్రీన్ సరైన ఎత్తుకు వస్తే చేతులు పైకి లేస్తాయి, చేతులకు సరిపోతే తల వాలుతుంది. రోజూ గంటల తరబడి పనిచేసేవారు లాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి, విడిగా కీబోర్డు, మౌస్ తగిలించుకోవాలి. ఈ రెండూ కలిపి వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. పిల్లల పాత ఫౌండేషన్ మెటీరియల్ ఇంకా అటక మీదే ఉంటే దానికి ఇంతకన్నా మంచి ఉపయోగం లేదు!

చేతులు: మోచేతులు ఒంటికి దగ్గరగా, ఇంచుమించు ఎల్ ఆకారంలో వంగి ఉండాలి. భుజాలు చెవుల వైపు లేచి ఉంటే టేబుల్ మీకు ఎత్తెక్కువైందని అర్థం. మౌస్‌ను కీబోర్డుకు పక్కనే ఉంచండి. చేయి చాపి అందుకోవాల్సిన చోట వద్దు.

నడుము: కుర్చీలో పూర్తిగా వెనక్కి జరిగి, వీపు ఆనించి కూర్చోండి. కుర్చీకీ నడుము వంపుకీ మధ్య ఖాళీ ఉంటే తువ్వాలు చుట్టి అక్కడ పెట్టుకోండి.

పాదాలు: నేలకు పూర్తిగా ఆనాలి. అందకపోతే కింద పీట వేసుకోండి.

ఫోన్: టైప్ చేస్తూ ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. ఇయర్‌ఫోన్ వాడండి. రాత్రి కాల్స్‌లో మీరు వినడమే తప్ప స్క్రీన్ చూడనక్కర్లేని వేళ లేచి హాల్లో నడుస్తూ వినండి.

పిల్లల విషయంలో

డైనింగ్ టేబుల్, దాని కుర్చీలు పెద్దవాళ్ల కొలతలకు చేసినవి. ఐదో తరగతి పాప దాని ముందు కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడతాయి, టేబుల్ గుండెల దాకా వస్తుంది. భుజాలు పైకెత్తి రాయాలి. కూర్చునే చోట గట్టి దిండు, పాదాల కింద పీట వేయండి. రెండు నిమిషాల పని. హోంవర్క్ రాసే తీరులో తేడా అదే రోజు కనిపిస్తుంది.

నేల మీద కూర్చుని చదవడం మన ఇళ్లలో మామూలే, అందులో తప్పేమీ లేదు. ఎగ్జామ్ ప్యాడ్‌ను ఒళ్లో పెట్టుకుని గంటసేపు తల వాల్చి రాయడమే మెడకు భారం. నేల మీద కూర్చునే పిల్లలకు ఏటవాలుగా ఉండే చిన్న రాత బల్ల ఇవ్వండి. బోర్లా పడుకుని మోచేతుల మీద ఆనుకుని చదవడం, మంచం మీద దిండుకు చేరగిలబడి ట్యాబ్‌లో వీడియో పాఠాలు చూడటం పది నిమిషాలకైతే సరే, గంటలకు పనికిరావు.

స్కూలు బ్యాగును కూడా మరవకండి. 2020లో కేంద్ర విద్యాశాఖ తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదు. 30 కిలోల పాపకు మూడు కిలోలన్నమాట. ఈ ఆదివారం బ్యాగును ఒకసారి కాటా మీద పెట్టండి. ఆ రోజు టైమ్‌టేబుల్‌లో లేని పుస్తకాలు తీసేస్తే సగం భారం అక్కడే తగ్గుతుంది. అయినా ఎక్కువుంటే క్లాస్ టీచర్‌కు డైరీలో రాయండి, అది మేం చూసుకోవాల్సిన విషయం.

ఆన్‌లైన్ పాఠాల గురించి కూడా ఒక కొలత ఉంది. 2020 జులైలో అదే మంత్రిత్వ శాఖ విడుదల చేసిన ప్రజ్ఞాత మార్గదర్శకాలు ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు 30 నుంచి 45 నిమిషాల సెషన్లు రెండుకు మించొద్దని, తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగుకు మించొద్దని చెప్పాయి. అవి కరోనా రోజుల కోసం రాసినవే. అయినా స్కూలు అయ్యాక యాప్‌లో రివిజన్, ఆ తర్వాత ఆటలు, వీడియోలు అన్నీ కూడితే మీ ఇంట్లో లెక్క ఎక్కడుందో పోల్చుకోవడానికి పనికొస్తాయి.

అరగంట నియమం

చదువైనా ఉద్యోగమైనా, అరగంటకోసారి లేవండి. లేచి ఒకటి రెండు నిమిషాలు కదిలితే చాలు. బాల్కనీ దాకా నడవండి, నీళ్లు తాగండి, చేతులు పైకి చాచి ఒళ్లు విరుచుకోండి. కళ్లకు కూడా అదే సమయంలో విశ్రాంతి ఇవ్వొచ్చు: 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్న వస్తువును, 20 సెకన్లు చూడాలని కంటి డాక్టర్లు చెప్పే సూత్రం తెలిసిందే.

గుర్తుండదు అంటారా? ఫోన్లో అలారం పెట్టుకోండి. లేదా పెద్ద బాటిల్ బదులు చిన్న గ్లాసుతో నీళ్లు పెట్టుకోండి. గ్లాసు ఖాళీ అయినప్పుడల్లా లేవాల్సిందే.

"చదువు మధ్యలో లేస్తే ధ్యాస చెదురుతుంది" అని కొందరు తల్లిదండ్రుల భయం. లేవడం అంటే టీవీ ముందుకు వెళ్లడం కాదు కదా. నిలబడి పద్యం అప్పజెప్పవచ్చు, నడుస్తూ ఫార్ములాలు వల్లె వేయవచ్చు. మెడ లాగుతుంటే పుస్తకం ముందు కూర్చున్న గంటలో ఎంత తలకెక్కుతుందో మన అనుభవంలోనే చూసుకోవచ్చు. మన స్కూల్లో సాయంత్రం స్టడీ అవర్‌లోనూ అంతే. లేచి నిలబడి చదువుకుంటామనే పిల్లల్ని ఎవరూ తప్పు పట్టరు. అలా జరగలేదని మీ బాబు గానీ పాప గానీ చెబితే మాకు తెలియజేయండి.

ఇంటిల్లిపాదీ చేయగలిగే ఐదు

1. గడ్డం వెనక్కి: నిటారుగా కూర్చుని, తల వంచకుండా, గడ్డాన్ని లోపలికి నెట్టినట్టుగా తలను వెనక్కి జరపండి. ఐదు సెకన్లు ఆపి వదలండి. పదిసార్లు.

2. భుజాల మడత: రెండు భుజాల వెనక ఉన్న రెక్క ఎముకలను ఒకదానికొకటి దగ్గరగా తెచ్చి, ఐదు సెకన్లు ఆపండి. పదిసార్లు.

3. నిలబడి వెనక్కి: రెండు అరచేతులు నడుము మీద ఆనించి, నెమ్మదిగా వెనక్కి వంగండి. ఐదుసార్లు. కాల్ అయిపోగానే కుర్చీలోంచి లేస్తూ చేయాల్సింది ఇదే.

4. మార్జాలాసనం: చేతులు, మోకాళ్ల మీద ఉండి, పిల్లిలా వీపును పైకి వంచి, తర్వాత కిందికి దించండి. ఎనిమిది నుంచి పదిసార్లు.

5. సేతుబంధాసనం: వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి, పాదాలు నేలకానించి, నడుమును పైకెత్తండి. ఐదు సెకన్లు ఆపి దించండి. పదిసార్లు.

చేసేటప్పుడు నొప్పి పెరిగితే ఆపేయండి. ఇప్పటికే డిస్కు సమస్య ఉన్నవారు, గర్భిణులు ముందు డాక్టరును అడగండి.

వీటికి తోడు రోజూ ఒళ్లు కదిలే పని ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన ఆట లేదా వ్యాయామం, పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం అవసరం. నడుము నొప్పి రాకుండా ఆపేది ఏమిటని 2016లో అంతవరకు జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన ఒక సమీక్షలో తేలింది కూడా ఇదే. వ్యాయామం ఉపయోగపడింది. నడుముకు కట్టుకునే బెల్టు, బూట్లలో వేసుకునే మెత్తలు ఉపయోగపడినట్టు కనబడలేదు. పదో తరగతి రాగానే ఆటల పీరియడ్ అనవసరం అనుకునే మనందరం ఈ మాట గుర్తుంచుకోవాలి.

నొప్పి వచ్చేస్తే?

చాలావరకు మెడ, నడుము నొప్పులు కొద్ది వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పూర్తిగా మంచం మీద పడుకోవాల్సిన పని లేదు. పడుకునే ఉంటే కోలుకోవడం ఆలస్యమవుతుంది. ఓర్చుకోగలిగినంత వరకు మామూలు పనులు చేసుకుంటూ, కాస్త వేడి కాపడం పెట్టుకుంటూ, నెమ్మదిగా నడుస్తూ ఉండండి. నొప్పి మాత్రలు రోజుల తరబడి సొంతంగా వాడొద్దు. మెడ పట్టేసిందని ఎవరి చేతనో విరిపించుకోవడం మరీ ప్రమాదం.

స్కానింగ్ రిపోర్టులో "డిస్క్ అరిగింది" అని ఉంటే కంగారు పడకండి. నొప్పి ఏమాత్రం లేని మూడు వేల మందికి పైగా స్కానింగులను పరిశీలించి 2015లో ప్రచురించిన సమీక్షలో, 20 ఏళ్లవారిలో 37 శాతం మందికి, 50 ఏళ్లవారిలో 80 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. జుట్టు నెరవడం లాంటిదే అది కూడా. రిపోర్టుతో పాటు మనిషిని చూసి డాక్టరు చెప్పే మాట ముఖ్యం.

ఈ లక్షణాలుంటే మాత్రం ఆలస్యం చేయకండి:

- చేతిలోకి గానీ కాలిలోకి గానీ పాకే తిమ్మిరి, పట్టు తప్పడం, బలహీనత
- మల మూత్రాలపై అదుపు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం (ఇది అత్యవసరం, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి)
- నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం
- రాత్రి నిద్రలోంచి లేపేసే నొప్పి
- కింద పడిన తర్వాత, దెబ్బ తగిలిన తర్వాత మొదలైన నొప్పి

పిల్లల్లో నొప్పి రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే, ఆటలు కూడా మానేస్తుంటే, తప్పకుండా డాక్టరుకు చూపించండి. అన్నిటికన్నా ముందు, "నొప్పి" అని పిల్లలు అన్నప్పుడు సాకు అని కొట్టిపారేయకండి. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తుంటే అని మూడు ప్రశ్నలు అడగండి. ఒకవేళ సాకే అయినా, అడిగితే మీకు పోయేదేమీ లేదు. నిజమైతే, ఆ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులే డాక్టరు అడగబోయేవి.

ఈ నెల ఇంటిపని (తల్లిదండ్రులకు కూడా!)

ఒక సాయంత్రం మీరు పనిలో ఉండగా పక్క నుంచి మీ ఫోటో తీయమని మీ పిల్లలకు చెప్పండి. వాళ్లు చదువుతుండగా మీరు తీయండి. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, చెవి, భుజం ఒకే వరుసలో ఉన్నాయా, పాదాలు నేలకు ఆనాయా, స్క్రీన్ లేదా పుస్తకం ఎంత ఎత్తులో ఉందో కలిసి చూడండి. ఏం మార్చాలో పిల్లల్నే చెప్పనివ్వండి. మన తప్పు పట్టుకునే అవకాశం దొరికితే వాళ్లు పాఠాన్ని ఎంత శ్రద్ధగా చూస్తారో మీకు తెలిసిందే.

ఆ తర్వాత అరగంటకోసారి లేచే డ్యూటీ పంచుకోండి. ఒక అరగంట మీరు వాళ్లను లేపాలి, ఇంకో అరగంట వాళ్లు మిమ్మల్ని లేపాలి. పది రోజులు చేసి, ఏం తేడా కనిపించిందో వచ్చే మీటింగులో మాతో చెప్పండి.

మొదట చెప్పిన ఆ తండ్రీకొడుకులకు కూడా ఇదే ఇంటిపని ఇచ్చాం. డాడీని లేపే బాధ్యత నీదే అనగానే ఆ బాబు మొదటిసారి తలెత్తి నవ్వాడు. "రాత్రి కాల్‌లో ఉన్నప్పుడు కూడా లేపొచ్చా మేడమ్?" అని అడిగాడు. తండ్రిగారి వైపు చూశాం. ఆయన నడుము పట్టుకునే, "సరే, లేపరా" అన్నారు.

మీ ఇంట్లో ఎవరు ఎవరిని లేపాలో ఈ రోజే నిర్ణయించుకోండి.

శుభాకాంక్షలతో,
పాఠశాల ఆరోగ్య విభాగం